ఓపెన్ సోర్స్ వ్యవస్థల్లో వీడియోకు హార్డ్‌వేర్ తోడు: తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్సు వంటి ఓపెన్ సోర్స్ వ్యవస్థల్లో వీడియో చూసేవారు అడిగే ఈ ప్రశ్నలన్నిటికీ మూలం ఒకటే. వీడియో పెట్టగానే ఫ్యాను హోరు మొదలవుతుంది, ఒళ్లోని ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది. సెట్టింగుల్లో చూస్తే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ 'ఆన్' అనే ఉంటుంది. ఆ ఒక్క మాటను నమ్మి ఊరుకోవద్దు. ప్లేయర్ నుంచి చిప్ దాకా ఇది నాలుగైదు లంకెల గొలుసు. అందులో ఒక్కటి తెగినా వ్యవస్థ నోరు విప్పదు, పని మొత్తాన్ని సీపీయూ నెత్తిన వేసేస్తుంది. తెగిన లంకెను కళ్లతో చూసి పట్టుకునే దారులు ఇక్కడ రాశాను.

అసలు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అంటే ఏమిటి?

వీడియో ఫైలులో బొమ్మలు బొమ్మలుగా ఉండవు, గట్టిగా అదిమి కట్టిన మూటగా ఉంటాయి. మామూలు 8 బిట్ల 4కే వీడియోలో ఒక్క ఫ్రేము, అంటే 3840 × 2160 చుక్కలు, విప్పాక సుమారు 12.4 మెగాబైట్లు. సెకనుకు 60 ఫ్రేములంటే 750 మెగాబైట్లకు దగ్గర. ఫైలులోంచి సెకనుకు వచ్చేది చాలాసార్లు రెండు మూడు మెగాబైట్లే. ఆ మూటను విప్పి, ఇతర ఫ్రేముల నుంచి అరువు తెచ్చుకున్న ముక్కలను అతికి, అతుకులను నునుపు చేసి, ఒక్కో ఫ్రేమును 16.7 మిల్లీసెకన్లలో తెర మీదికి పంపాలి. అదే డీకోడింగ్.

ఈ పనిని సీపీయూ చేస్తే సాఫ్ట్‌వేర్ డీకోడింగ్. ఇదొక్కదాని కోసమే చిప్‌లో చెక్కిన విడి సర్క్యూటు చేస్తే హార్డ్‌వేర్ డీకోడింగ్. గేముల బొమ్మలు గీసే వందల, వేల కోర్లే వీడియోనూ విప్పుతాయని చాలామంది పొరబడతారు. హెచ్.264, హెచ్ఈవీసీ (దీన్నే హెచ్.265 అంటారు) అనే కోడెక్‌ల్లో, అంటే వీడియోను అదిమి కట్టే రకాల్లో, వాడే కాబాక్ అనే కుదింపు పద్ధతిలో ప్రతి బిట్టు అర్థం అంతకుముందు వచ్చిన బిట్ల మీద ఆధారపడుతుంది. జపమాల పూసల్లాగా ఒకదాని తర్వాత ఒకటి తిప్పాల్సిందే, వేయి చేతులు కలిసినా పని త్వరగా తెమలదు. అందుకే ఈ పనికి ప్రత్యేక సర్క్యూటు కావలసి వచ్చింది. ఇంటెల్‌లో దాని పేరు క్విక్ సింక్, ఏఎండీలో వీసీఎన్ (అంతకుముందు యూవీడీ), ఎన్విడియాలో ఎన్‌వీడెక్.

సీపీయూతోనే వీడియో బాగా ఆడుతోంది. నాకు ఇది అవసరమా?

ఎప్పుడూ కరెంటుకు తగిలించి ఉండే బలమైన డెస్క్‌టాప్ అయితే అంత అవసరం లేదు. సాఫ్ట్‌వేర్ డీకోడర్లు నిజంగా గొప్పవి. వీడియోల్యాన్ వారి డేవిడ్, అంటే ఏవీ1 అనే కొత్త కోడెక్ కోసం రాసిన డీకోడర్, ఎన్నో యంత్రాల్లో హార్డ్‌వేర్ లేని లోటు తెలియనివ్వదు.

ల్యాప్‌టాప్ కథ వేరు. నా దగ్గర 2 కోర్ల పాత ల్యాప్‌టాప్ ఒకటుంది. 1080పీ వీడియో పెడితే రెండు కోర్లూ నిండిపోయేవి, ఫ్యాను శబ్దంలో మాటలు వినబడేవి కావు. యంత్రం ముసలిదైపోయిందనుకుని దాన్ని మూలన పెట్టబోయాను. చివరికి చూస్తే అందులో ఉన్న హెచ్.264 సర్క్యూటు ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చుంది, దానికి కావలసిన డ్రైవర్ (వ్యవస్థకూ చిప్‌కూ మధ్య మాట్లాడే ప్రోగ్రాము) ప్యాకేజీ ఒక్కటి లేదు. అది వేశాక అదే వీడియోకు ఫ్యాను తిరగడమే మానేసింది. పాత యంత్రాలను పారేయకుండా బతికించుకోవాలనుకునే వారికి ఇంత తక్కువ శ్రమతో ఇంత లాభం ఇచ్చే పని మరొకటి నాకు తెలియదు.

వీఏ-ఏపీఐ, వీడీపీఏయూ, ఎన్‌వీడెక్, వీ4ఎల్2... ఇన్ని పేర్లెందుకు? నాకు ఏది కావాలి?

ఇవన్నీ ప్లేయర్ ఆ డీకోడింగ్ సర్క్యూటును పిలిచే దారులు. ఒక్కో కంపెనీ తన దారి తాను వేసుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. వీఏ-ఏపీఐ ఇంటెల్ మొదలుపెట్టినది. లిబ్‌వీఏ అనే లైబ్రరీ దాని వాకిలి. నేడు ఇంటెల్‌కూ ఏఎండీకీ ఇదే రాజమార్గం. వీడీపీఏయూను ఎన్విడియా 2008లో తెచ్చింది. ఇప్పుడు దాని మీద కొత్త పని జరగడం లేదు కాబట్టి, కొత్తగా మొదలుపెట్టేవారు దాన్ని వదిలేయవచ్చు. ఎన్‌వీడెక్ ఎన్విడియా వారి సొంత డ్రైవర్‌తో మాత్రమే పనిచేసే దారి.

వీ4ఎల్2 కెర్నల్‌లోనే, అంటే వ్యవస్థ మూలభాగంలోనే ఉంటుంది, రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న ఆర్మ్ బోర్డులకు అదే దిక్కు. అందులోనూ రెండు రకాలు. ఒక రకం చిప్‌కు అదిమిన బిట్లను ఉన్నవి ఉన్నట్టు అందిస్తే చాలు, లోపలి ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే నడిచే ప్రోగ్రాము) అంతా చూసుకుంటుంది. రెండో రకానికి ప్రతి ఫ్రేము వివరాలనూ సాఫ్ట్‌వేరే చదివి, ఏ ఫ్రేము దేని మీద ఆధారపడిందో విడమరిచి చెప్పాలి. రెండో రకంలో పని ఎక్కువే. అయినా మూసిన ఫర్మ్‌వేర్ మీద ఆధారపడటం తగ్గుతుంది కాబట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు అదే మేలని నా అభిప్రాయం. చిన్న బోర్డుల్లో వాడే ఆల్‌విన్నర్ చిప్‌ల డీకోడర్‌కు కెర్నల్‌లో మద్దతు తేవడానికి బూట్లిన్ సంస్థ 2018లో ప్రజల నుంచి నిధులు సేకరించి ఆ పని చేసింది. ఈ గొలుసులో ఒక లంకె అలా వాడుకరుల చందాలతో తయారైందని గుర్తుంచుకోవాలి.

ఇక వల్కన్ వీడియో. వల్కన్ అనే గ్రాఫిక్స్ ప్రమాణాన్ని నడిపే క్రోనోస్ కూటమి హెచ్.264, హెచ్.265 డీకోడింగ్ నిర్దేశాలను 2022 డిసెంబరులో ఖరారు చేసింది, 2024లో ఏవీ1ను చేర్చింది. వీడియోలను విప్పే, మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాధనానికి 6.1 కూర్పు నుంచి ఈ దారి తెలుసు. అన్ని కంపెనీల చిప్‌లకూ ఒకే దారి అనే ఆశ దీనితోనే ముడిపడి ఉంది. రోజువారీ వాడకానికి మాత్రం ఈ రోజుకు వీఏ-ఏపీఐ నుంచే మొదలుపెట్టండి.

నా చిప్ ఏయే వీడియోలను విప్పగలదో ఎలా తెలుసుకోవాలి?

టెర్మినల్‌లో వీఏఇన్ఫో అనే ఆదేశం ఇవ్వండి. అది లేకపోతే అదే పేరుతోనో, లిబ్‌వీఏ యుటిల్స్ అనే పేరుతోనో ఉన్న ప్యాకేజీని వేసుకోండి. ముందు డ్రైవర్ పేరు వస్తుంది, దాని కింద వరుసలు. ఒక్కో వరుసలో ఎడమ పక్కన కోడెక్ రకం ఉంటుంది, ఉదాహరణకు 'వీఏప్రొఫైల్ హెచ్264 హై'. కుడి పక్కన 'వీఏఎంట్రీపాయింట్' అన్న మాట, దాని చివర మరో మాట. ఆ చివరి మాట 'వీఎల్‌డీ' అయితే ఆ రకం వీడియోను చిప్ విప్పగలదు. 'ఎన్‌క్‌స్లైస్' అని ఉంటే అది ఎన్‌కోడింగ్, అంటే వీడియోను అదిమి మూట కట్టే సంగతి, వీడియో చూడటానికి సంబంధం లేదు. ఈ తేడా గమనించక 'జాబితాలో హెచ్ఈవీసీ ఉంది కదా, ఎందుకు ఆడదు?' అని గంటలు పోగొట్టుకున్నవారున్నారు.

తరాల లెక్క సుమారుగా ఇది. ఇంటెల్‌లో 6వ తరం స్కైలేక్ 8 బిట్ల హెచ్ఈవీసీని విప్పుతుంది, 7వ తరం కేబీ లేక్ 10 బిట్ల హెచ్ఈవీసీతో పాటు వీపీ9 అనే కోడెక్‌ను కూడా, 11వ తరం టైగర్ లేక్ ఏవీ1ను కూడా. ఏఎండీలో ఏవీ1 ఆర్ఎక్స్ 6000 వరుసతో వచ్చింది, కాని అదే వరుసలోని 6400, 6500 ఎక్స్‌టీలలో లేదు. ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 30 వరుస నుంచి ఉంది. చిప్‌లో లేని కోడెక్‌ను ఏ డ్రైవరూ పుట్టించలేదు. వీఏఇన్ఫో సరిగా నడిచి, మీ కోడెక్ అందులో కనబడకపోతే ముందుగా చిప్ తరాన్ని, తర్వాత డ్రైవర్ ప్యాకేజీని చూడండి.

వీఏఇన్ఫో నడవనే లేదు. తప్పు ఎక్కడ?

చాలాసార్లు మూడింటిలో ఒకటి.

డ్రైవర్ లేకపోవచ్చు. ఇంటెల్‌కు రెండు డ్రైవర్లున్నాయి. పాతది ఐ965, కొత్తది ఐహెచ్‌డీ. 5వ తరం బ్రాడ్‌వెల్ నుంచి ఐహెచ్‌డీ పనిచేస్తుంది, అంతకు పాతవాటికి ఐ965 తప్ప వేరే దారి లేదు. లిబ్‌వీఏ ముందు ఒకదాన్ని ప్రయత్నించి, కుదరకపోతే రెండోదానికి పోతుంది కాబట్టి, తెర మీద మొదటి ప్రయత్నం విఫలమైందన్న సందేశం కనబడితే కంగారుపడకండి, కింద రెండోది నిలబడిందేమో చూడండి. ఫలానా డ్రైవరే కావాలని పట్టుబట్టాలంటే 'లిబ్‌వీఏ డ్రైవర్ నేమ్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆ పేరు పెట్టాలి. దాని అక్షరాలన్నీ పెద్దవి, పదాల మధ్య అండర్‌స్కోరు. పాత సలహాలు చూసి ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఈ వేరియబుల్, యంత్రం మారాక కూడా అలాగే ఉండిపోయి కొత్త చిప్‌ను గుడ్డిదాన్ని చేయడం నేను పదేపదే చూశాను. ముందు దాన్ని తీసేసి చూడండి.

అనుమతి లేకపోవచ్చు. చిప్‌కు తలుపు 'డెవ్' డైరెక్టరీలోని 'డీఆర్ఐ' కింద ఉండే 'రెండర్‌డీ128' అనే ఫైలు. సూడోతో (నిర్వాహకుడి హక్కుతో) వీఏఇన్ఫో నడిచి, మీ పేరుతో నడవకపోతే దోషం ఇదే. మిమ్మల్ని రెండర్ అనే గ్రూపులో, కొన్ని వ్యవస్థల్లో వీడియో అనే గ్రూపులో చేర్చుకుని, లాగవుట్ అయి మళ్లీ రండి.

మూడోది, మీరు ఎస్ఎస్‌హెచ్‌లో దూరం నుంచి చూస్తూ ఉండవచ్చు. అప్పుడు డిస్‌ప్లేగా డీఆర్ఎంను (కెర్నల్‌లోని గ్రాఫిక్స్ భాగాన్ని) వాడమని వీఏఇన్ఫోకు విడిగా చెప్పాలి.

ఏఎండీ కార్డు, మెసా అనే ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లు అన్నీ ఉన్నాయి. అయినా హెచ్.264 జాబితాలో లేదు. ఎందుకు?

చిప్‌లో లోపం లేదు, పేటెంట్ల భయం అడ్డొచ్చింది. హెచ్.264, హెచ్ఈవీసీ, వీసీ-1 పేటెంట్ల కింద ఉన్నవి కాబట్టి 2022లో ఫెడోరా అనే లినక్సు పంపిణీ తన మెసా ప్యాకేజీలో వాటి డీకోడింగ్‌ను ఆపేసింది. అక్కడి వాడుకరులు ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీల భాండారం నుంచి 'ఫ్రీవరల్డ్' అనే తోకతో వచ్చే మెసా ప్యాకేజీని వేసుకుంటారు. ఓపెన్‌సూసే అనే మరో పంపిణీలో ఇదే అవసరాన్ని ప్యాక్‌మన్ భాండారం తీరుస్తుంది. వీపీ9, ఏవీ1లకు ఈ చిక్కు లేదు, వాటిని రాయల్టీ లేకుండా వాడుకునేందుకే రూపొందించారు. సొంత డబ్బుతో కొన్న చిప్‌లోని సర్క్యూటు ఒక చట్టపు భయం వల్ల మూగబోవడం నాకు బాధ కలిగించే విషయం. అలాగని పంపిణీ నడిపేవారిని తప్పుపట్టలేను, దావా వస్తే మోయాల్సింది వాళ్లు.

ఎన్విడియా కార్డుతో?

ఎంపీవీ అనే ప్లేయర్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నేరుగా ఎన్‌వీడెక్‌తో మాట్లాడతాయి, అక్కడ ఇబ్బంది తక్కువ. చిక్కంతా ఫైర్‌ఫాక్స్‌తో. దానికి వీఏ-ఏపీఐ భాషే తెలుసు. ఈ రెండింటి మధ్య దుబాసీగా ఎన్విడియా వీఏఏపీఐ డ్రైవర్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు ఉంది. అది నడవాలంటే కెర్నల్‌లో ఎన్విడియా డీఆర్ఎం మోడ్‌సెట్ అనే సెట్టింగు ఆన్‌లో ఉండాలి, ఫైర్‌ఫాక్స్ డీకోడింగ్ ప్రక్రియకు ఉన్న రక్షణ గోడను కొంత సడలించాలి. ఆ సడలింపు భద్రతకు సంబంధించినది, తెలిసి చేయండి.

ఎంపీవీలో నిజంగా పనిచేస్తోందా అని ఎలా చూడాలి?

టెర్మినల్ నుంచి నడపండి. హార్డ్‌వేర్ డీకోడింగ్ వాడుతున్నట్టు, బ్రాకెట్లో దారి పేరుతో సహా, ఒక వరుస వస్తుంది. ఆ వరుస రాకపోతే పని సీపీయూ మీదే. వీడియో నడుస్తుండగా ఐ అనే మీట నొక్కితే గణాంకాలు తెర మీదికి వస్తాయి, వదిలేసిన ఫ్రేముల సంఖ్య కూడా అక్కడే ఉంటుంది. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ దారుల మధ్య మారవచ్చు. శాశ్వతంగా కావాలంటే ఎంపీవీ సెట్టింగుల ఫైలులో హెచ్‌డబ్ల్యూడెక్ అన్నదానికి 'ఆటో-సేఫ్' అని ఇవ్వండి.

ప్లేయర్ మాట మీద కూడా ఆగవద్దు. ఇంటెల్ చిప్ అయితే పక్క టెర్మినల్‌లో ఇంటెల్ జీపీయూ టాప్ నడపండి. రెండర్, బ్లిటర్, వీడియో, వీడియో ఎన్‌హాన్స్ అని వరుసలు కనబడతాయి. వీడియో ఆడుతుండగా 'వీడియో' వరుసలోని పట్టీ కదలాలి. ఎంపీవీలో స్పేస్ నొక్కి ఆపితే సున్నాకు పడిపోవాలి, మళ్లీ నొక్కితే లేవాలి. ఈ పడిలేవడం చూసిన రోజు మీకు సందేహమే మిగలదు. ఏఎండీ, ఎన్విడియాలకు ఎన్‌వీటాప్ అనే ప్రోగ్రాము అదే పని చేస్తుంది.

బ్రౌజర్‌లో మాత్రం సీపీయూ మండిపోతోంది. ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. రెండు కారణాలుంటాయి, వాటిని విడదీసి చూడాలి.

మొదటిది బ్రౌజర్ అసలు హార్డ్‌వేర్‌ను తాకకపోవడం. లినక్సులో ఫైర్‌ఫాక్స్ ఇంటెల్ చిప్‌లకు 2023 జులైలో వచ్చిన 115వ కూర్పు నుంచి, ఏఎండీకి 2025 మార్చిలో వచ్చిన 136వ కూర్పు నుంచి వీఏ-ఏపీఐని స్వతహాగా వాడుతుంది. అబౌట్ సపోర్ట్ పేజీలో మీడియా భాగానికి దిగితే కోడెక్‌ల పట్టిక ఉంటుంది, ఏ కోడెక్‌కు హార్డ్‌వేర్ ఉందో అందులో తెలుస్తుంది. క్రోమియంలో డెవలపర్ టూల్స్ తెరిచి మీడియా ట్యాబ్‌కు వెళ్లండి, ఆడుతున్న వీడియోకు ఏ డీకోడర్ పనిచేస్తోందో పేరుతో సహా చూపుతుంది. 'ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్' అనో 'డేవిడ్' అనో కనబడితే అది సాఫ్ట్‌వేర్. క్రోమియంను దారికి తెచ్చే స్విచ్‌ల పేర్లు కూర్పు కూర్పుకూ మారాయి, రెండేళ్ల నాటి చిట్కాను అలాగే అతికిస్తే పనిచేయకపోవచ్చు.

రెండో కారణం మరింత సూక్ష్మం. గొలుసు అంతా బాగానే ఉంటుంది, సైటు పంపే కోడెక్ మీ చిప్‌కు రాదు. యూట్యూబ్‌లో వీడియో మీద కుడి క్లిక్ చేసి గణాంకాల పెట్టె తెరవండి. కోడెక్ పేరు 'ఏవీ01'తో మొదలైతే ఏవీ1, 'వీపీ09' అయితే వీపీ9, 'ఏవీసీ1' అయితే హెచ్.264. మీది 8వ తరం ఇంటెల్ చిప్ అనుకుందాం. అది వీపీ9ను విప్పగలదు, ఏవీ1 రాదు. అప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కాన్ఫిగ్‌కు వెళ్లి మీడియా.ఏవీ1.ఎనేబుల్డ్ అన్నదాన్ని ఆపేస్తే సైటు తనంతట తానే వీపీ9 పంపుతుంది, సీపీయూ చల్లబడుతుంది. వీపీ9 కూడా రాని చిప్‌లకు హెచ్.264నే అడిగే పొడిగింపులున్నాయి. అప్పుడు 1080పీకి మించి రాదు, ఆ యంత్రాలకు అది చాలు.

ఫైలు హెచ్.264దే, చిప్‌కూ హెచ్.264 వచ్చు. అయినా సీపీయూ మీదే ఆడుతోంది?

అది 10 బిట్ల హెచ్.264 అయి ఉంటుంది. యానిమే ఫైళ్లలో తరచుగా కనబడుతుంది. ఇటీవలి కొన్నిటిని మినహాయిస్తే, డెస్క్‌టాప్ చిప్‌లలో దాన్ని విప్పే సర్క్యూటు లేదు. సాఫ్ట్‌వేర్‌తో చూడండి.

సినిమాల స్ట్రీమింగ్ సైట్లలో పనిచేయదా?

సాధారణంగా లేదు. డెస్క్‌టాప్ లినక్సులో వైడ్‌వైన్ (వీడియోలను నకలు చేయకుండా ఆపే తాళం) రక్షణ ఎల్3 అనే అట్టడుగు స్థాయిలోనే ఉంటుంది, తాళం తీయడం, విప్పడం సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతాయి. అందుకే చాలా సేవలు అక్కడ స్పష్టతను కూడా తగ్గించి పంపుతాయి. వాడుకరి చేయగలిగినది ఏమీ లేదు.

రాస్ప్‌బెర్రీ పైలో ఎందుకు వీఏఇన్ఫో ఏమీ చూపదు?

అక్కడి దారి వీ4ఎల్2, వీఏ-ఏపీఐ కాదు. కొనేముందు తెలుసుకోవలసిన సంగతి మరొకటుంది. పై 4లో హెచ్.264, హెచ్ఈవీసీ రెండింటికీ సర్క్యూట్లున్నాయి. పై 5లో హెచ్ఈవీసీకి మాత్రమే ఉంది, హెచ్.264ను దాని సీపీయూనే విప్పుతుంది. కొత్తది కాబట్టి అన్నీ ఉంటాయనుకోవద్దు.

ఫ్లాట్‌ప్యాక్‌లో వేసుకున్న ప్లేయర్‌కు మాత్రమే హార్డ్‌వేర్ దొరకడం లేదు.

ఫ్లాట్‌ప్యాక్ అంటే ఏ లినక్సులోనైనా నడిచేలా విడిగా కట్టిన అప్లికేషన్ల పద్ధతి. ఆ అప్లికేషన్లు మీ వ్యవస్థలోని డ్రైవర్లను చూడవు, వాటి రన్‌టైమ్‌తో (వాటికి కావలసిన లైబ్రరీల మూటతో) వచ్చిన డ్రైవర్లనే వాడతాయి. ఇంటెల్‌కు వీఏఏపీఐ పేరుతో, ఎన్విడియాకు మీ డ్రైవర్ సంఖ్యకు సరిగ్గా సరిపోయే పేరుతో విడి పొడిగింపులు ఉంటాయి. అవి వచ్చాయో లేదో చూడండి.

లినక్సు కాని మరో ఓపెన్ సోర్స్ వ్యవస్థ ఫ్రీబీఎస్‌డీలో ఇదంతా వీలవుతుందా?

అవుతుంది, నిలకడగా పనిచేస్తుంది. లినక్సు కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్లను డీఆర్ఎం-కేమాడ్ అనే ప్యాకేజీ అక్కడికి తెస్తుంది. అది వేసుకుని, ఆర్‌సీ.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలులో మీ చిప్ మాడ్యూల్‌ను చేర్చి, మిమ్మల్ని వీడియో గ్రూపులో పెట్టుకుని, ఆపై వీఏ-ఏపీఐ డ్రైవర్ ప్యాకేజీ వేసుకోవాలి. ఆ తర్వాత పైన చెప్పిన వీఏఇన్ఫో పరీక్షలన్నీ అక్కడా అలాగే వర్తిస్తాయి.

హార్డ్‌వేర్ పనిచేస్తోందని కళ్లతో చూశాను. అయినా సీపీయూ వాడకం తగ్గలేదు. ఇదెలా?

విప్పిన ఫ్రేము గ్రాఫిక్స్ చిప్ దగ్గరే ఉండి నేరుగా తెరకు చేరాలి. మధ్యలో దాన్ని మెయిన్ మెమరీకి తెచ్చి మళ్లీ వెనక్కి పంపితే, 4కే 60 ఫ్రేముల వీడియోకు సెకనుకు 750 మెగాబైట్లు పోను, మరో 750 రాను. ఎంపీవీ గణాంకాల్లో దారి పేరు చివర 'కాపీ' అని ఉంటే జరుగుతున్నది అదే. వడపోతలు వేయడానికి కాపీ అవసరం, వట్టిగా చూడటానికి అక్కర్లేదు. తోక లేని వీఏఏపీఐ దారిని ఎంచుకోండి.

వీడియో నునుపుగా కదలక ఆగి ఆగి సాగితే అది డీకోడింగ్ తప్పు కాకపోవచ్చు. సెకనుకు 24 ఫ్రేముల సినిమా 60 హెర్ట్‌జ్ తెర మీద ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు కనబడుతుంది. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యాల్లో ఆ తడబాటు తెలుస్తుంది. ఏ డ్రైవర్ మార్చినా అది పోదు, తెర రిఫ్రెష్ రేటు మార్చాలి.

తెర మీద ఆకుపచ్చ గళ్లు, చిరిగిన బొమ్మలు వస్తున్నాయి. ఏం చేయాలి?

ఆ ఫైలును సాఫ్ట్‌వేర్ దారిలో ఆడించి చూడండి. అప్పుడూ అలాగే ఉంటే ఫైలే చెడింది. అప్పుడు బాగుంటే డ్రైవర్‌లోనో చిప్‌లోనో లోపముంది. చెడిన ఫైళ్ల విషయంలో సాఫ్ట్‌వేర్ డీకోడర్లే ఓర్పుగా నడుస్తాయి, హార్డ్‌వేర్ కొన్నిసార్లు గ్రాఫిక్స్ చిప్‌నే స్తంభింపజేస్తుంది. ముఖ్యమైన పని తెరిచి ఉండగా అనుమానపు ఫైళ్లను హార్డ్‌వేర్‌కు ఇవ్వకండి.

లోపం నిజంగా డ్రైవర్‌దేనని తేలింది. ఎవరికి, ఏమని చెప్పాలి?

ఏఎండీ అయితే మెసా ప్రాజెక్టుకు, ఇంటెల్ అయితే ఇంటెల్ మీడియా డ్రైవర్ ప్రాజెక్టుకు. ముందు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో అదే ఫైలును వీఏ-ఏపీఐ దారిలో విప్పి చూడండి. అక్కడా లోపం కనబడితే ప్లేయర్‌ను అనుమానితుల జాబితా నుంచి తీసేయవచ్చు, చదివే ఇంజనీరుకు సగం పని తగ్గుతుంది. చిప్ పేరు, కెర్నల్ సంఖ్య, డ్రైవర్ సంఖ్య, వీఏఇన్ఫో చూపిన వరుసలన్నీ యథాతథంగా పెట్టండి. అన్నిటికన్నా విలువైనది లోపం చూపే చిన్న వీడియో ముక్క. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా, స్ట్రీమును కాపీ పద్ధతిలోనే 10 సెకన్లకు కత్తిరించండి. ఎన్‌కోడ్ చేస్తే ఆ తప్పుకు కారణమైన బిట్లే మారిపోతాయి, వాళ్ల యంత్రంలో ఏ లోపమూ కనబడదు.